సైకిలుకూ పాఠాంతరాలుంటాయి



ఇన్నాళ్ళూ ఈ పుటలో కావ్యాలను గురించీ, వ్యాకరణాన్ని గురించీ ఏదో నాకు తోచినది రాస్తూ వచ్చాను. ఈసారి ఒక పాత సైకిలును గురించి రాస్తున్నాను. పండితుడికి సైకిలు గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నేను చదువుకున్న విద్య సైకిలు దగ్గర పనికివచ్చినంతగా మరెక్కడా పనికిరాలేదని ఈ నెలరోజుల్లో నాకు తెలిసివచ్చింది. అందుకే ఈ టపా.

గడచిన సంక్రాంతి వెళ్ళిన వారానికి హైదరాబాదు నుండి ఒక యువకుడు మా ఊరు వచ్చాడు. పాత సైకిళ్ళు కొని, బాగుచేసి, మోజున్నవారికి అమ్మడం అతని వృత్తి. మా వసారాలో గోడకు ఆనుకొని ఉన్న మా నాన్నగారి రాలీ సైకిలు సంగతి ఎవరి ద్వారానో విన్నాడట. చేతిలో చిన్న టార్చిలైటు, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం. రెండు గంటలసేపు నేలమీద గొంతుక్కూర్చుని, పడుకొని, వంగి ఆ సైకిలును చదివాడు. చదివాడన్న మాట తెలిసే వాడుతున్నాను. నా దగ్గర చదువుకున్న విద్యార్థులలో అంత శ్రద్ధగా పుస్తకం చదివినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది.

చివరకు లేచి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "మాస్టారూ, ఫ్రేము అసలుది. వెనుక హబ్బు అసలుది. ముందు ఫోర్కు కాదు, సీటు కాదు, వెనుక పళ్ళచక్రం కాదు. గేరు మీట లేదు. రంగు సరేసరి. సగానికి సగం ఒరిజినల్ కాదండి. ఉన్నదున్నట్టుగా అయితే ఎనిమిది వేలు ఇస్తాను." అంతటితో ఊరుకోలేదు. మంచి మనస్సుతోనే ఒక సలహా కూడా ఇచ్చాడు. రంగంతా ఇనుము కనిపించేదాకా గీకించి, నల్లని ఎనామిలు వేయించి, బంగారు గీతలు దిద్దించి, ఇప్పుడు కొత్తగా అచ్చువేసి అమ్ముతున్న రాలీ అక్షరాలు అతికించి, "ఇది 1947 నాటిదని మీరంటున్నారు కదా, ఆ ఒక్కమాట కాగితం మీద రాసిచ్చారంటే ఇరవై అయిదు వేలకు తగ్గదు" అన్నాడు.

ఆ సమయానికి మా తమ్ముడు కూడా వసారాలోనే ఉన్నాడు. నాన్నగారి వస్తువులో ఇద్దరికీ సమాన వాటా. తమ్ముడింటి పైకప్పు కారుతున్నది. అతనికి డబ్బు అవసరం. ఎనిమిదికీ ఇరవై అయిదుకూ మధ్య ఉన్న దూరం అతని ముఖంలో స్పష్టంగా కనిపించింది. నేను పదిహేను రోజులు గడువు అడిగాను.

"అసలుది" అంటే ఏమిటి? ఆ పదిహేను రోజులూ నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

భాషాప్రవీణ చదివే రోజుల్లో మా గురువుగారు ఒకే శతకానికి మూడు ప్రతులిచ్చి పాఠాలు పోల్చి చూడమనేవారు. ఆయన నేర్పిన మొదటి పాఠం: చూడ్డానికి చక్కగా ఉన్న ప్రతి పాతదని భ్రమపడకు. తరువాతి లేఖకుడు తనకు అర్థంకాని చోటునల్లా నున్నగా దిద్దుకుంటూ పోతాడు. పురుగు తొలిచిన ప్రతిలో, అర్థంకాక తల గోక్కునే చోట, పాతపాఠం దాగి ఉండవచ్చు. రెండవ పాఠం: నీకు నచ్చని పాఠాన్ని చెరిపివేయకు, పుట అడుగున చూపించు. మూడవది: లుప్తమైన భాగాన్ని పూరించడం దోషం కాదు, పూరించినవాడి పేరు దాచడం దోషం. మన భాగవతమే ఉన్నది. పంచమ స్కంధం బొప్పరాజు గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ చేసినవి. వారి పేర్లు గ్రంథంలోనే ఉన్నవి. అందువల్ల పోతన భాగవతానికి విలువ తగ్గిందని ఎవరూ అనలేదు. ఆ మూడు పేర్లూ చెరిపివేసి మొత్తం పోతనదేనని అచ్చువేస్తే మాత్రం అది మోసం.

ఈ మూడు సూత్రాలతో సైకిలు దగ్గర కూర్చున్నాను.

ముందుగా ఇది ఏ జాతి సైకిలో చెప్పాలి. దూరప్రయాణానికీ, బరువు మోయడానికీ అనువుగా మడ్‌గార్డులు, క్యారేజీ, దీపం అమర్చుకొని నింపాదిగా సాగే సైకిలును టూరింగ్ సైకిలు అంటారు. పందెపు సైకిలు వేరు. మనం "పెద్ద సైకిలు" అని పిలుచుకున్న, 28 అంగుళాల చక్రాలూ కడ్డీ బ్రేకులూ గల ఈ రకాన్నే రాలీవారు అమెరికాలో "టూరిస్ట్" అన్న పేరుతో అమ్మారు. ఆ పేరు విని నవ్వుకున్నాను. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన దీనిపై చేసిన యాత్రలన్నీ ఇంటినుండి బడికీ, బడినుండి ఇంటికీ. గోదావరి డెల్టాలో పంటకాలువ గట్టు వెంట ఆరు మైళ్ళు.

రాలీ 1880లలో ఇంగ్లండులోని నాటింగ్‌హాం పట్టణంలో పుట్టింది. రాలీ అనే వీథిలో ఉన్న చిన్న దుకాణం అది. వీథి పేరే సైకిలు పేరైంది. దాని చిహ్నం కొంగ తల. హ్యాండిలు కింద గొట్టానికి ఆ కొంగ బిళ్ళ ఉంటుంది. అమాయకులం ఆ బిళ్ళ చూసి సంతృప్తిపడతాం. కాని బిళ్ళ ఊడదీసి మరో ఫ్రేముకు బిగించడం అరగంట పని. పైగా 1950ల ఆరంభం నుండి మన దేశంలోనే ఆసన్సోల్‌లో సేన్-రాలీ కర్మాగారం పనిచేసింది. కనుక రాలీ అన్న పేరు ఉన్నంత మాత్రాన అది సముద్రం దాటి వచ్చిందనుకోరాదు. బిళ్ళ పుస్తకానికి ముఖపత్రం వంటిది. ముఖపత్రం చూసి గ్రంథకాలం నిర్ణయించేవాణ్ణి ఎవరూ పండితుడనరు.

అంతకంటె బలమైన సాక్ష్యాలు లోపల ఉంటాయి. పెడళ్ళ దగ్గరి పెద్ద పళ్ళచక్రంలో కొంగ తలల ఆకారాలు కోసి ఉంటాయి, మాదానిలో ఉన్నవి. ఇంకా గట్టి సాక్ష్యం మరలు. ఇంగ్లీషు సైకిళ్ళకు హ్యాండిలు కప్పుల దగ్గరా, పెడళ్ళ ఇరుసు దగ్గరా సాధారణంగా అంగుళానికి 24 మరలుంటే, రాలీవారు తమవరకు 26 మరలు పెట్టుకున్నారు. రంగు మార్చవచ్చు, బిళ్ళ మార్చవచ్చు. ఫ్రేములోని మరను మార్చడానికి ఎవరూ పూనుకోరు. సీటు గొట్టం పైభాగాన ఫ్రేము సంఖ్య పొడిచి ఉంటుంది. అయితే ఆ సంఖ్యల పట్టికలు సంపూర్ణంగా లభించవు. కాబట్టి దానినిబట్టి సంవత్సరం చెప్పేవారి మాట తొందరపడి నమ్మకూడదు.

కాలనిర్ణయానికి అన్నిటికంటె ఉపకరించేది వెనుక హబ్బు. మాది స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు. ఏడబ్ల్యూ అన్న ఈ రకం 1936లో వచ్చింది. దాని పొట్టమీద తయారైన సంవత్సరం, నెల అంకెలుగా పొడిచి ఉంటాయి. దశాబ్దాల జిడ్డును కిరోసిను గుడ్డతో తుడిస్తే మాదానిమీద 52 అనీ, పక్కన 3 అనీ కనిపించింది. 1952 మార్చి.

ఇక్కడ తొందరపడకూడదు. హబ్బు తేదీ హబ్బుదే కాని సైకిలుది కాదు. చక్రం మొత్తం మరో సైకిలు నుండి వచ్చి ఉండవచ్చు. ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉండడం ఇంగ్లీషువారి పాత లెక్క. మాదానికి అలాగే ఉన్నవి. కాని ఆ లెక్క మన దేశపు పెద్ద సైకిళ్ళకూ సంక్రమించింది గనుక అదొక్కటీ చాలదు. వేరొక సాక్ష్యం కావాలి.

అది దూలంమీది ట్రంకుపెట్టెలో దొరికింది. నాన్నగారి పద్దుల పుస్తకాలు. ఆయన బెల్లం కొన్నా, కాటర్ పిన్ను కొన్నా రాసేవారు. 1956 జూన్ నెల పుటలో ఆయన గుండ్రని చేతిరాతలో "సైకిలు (రాలీ, పాతది) 145-0-0" అని ఉన్నది. నయాపైసలు రాకముందరి లెక్క. అది ఆయనకు రెండు నెలల జీతానికి పైమాటే. ఆ తరువాత ముప్పై ఏళ్ళ పద్దులలో చక్రంగాని, హబ్బుగాని మార్చిన ఊసు ఎక్కడా లేదు. 1952లో తయారై, ఎవరో నాలుగేళ్ళు తొక్కగా, 1956లో మా ఇంటికి వచ్చిన సైకిలు. సాక్ష్యాలు ఒకదానినొకటి కాదనడం లేదు.

కాదన్నది ఒక్కటే, 1947.

ఈ ప్రక్షిప్తానికి కర్త ఎవరో చెప్పితీరాలి. నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఆగస్టు 15న పిల్లలకు ప్రసంగం చేస్తూ, ఎదురుగా చెట్టుకింద ఉన్న సైకిలును చూపించి, "ఇది మన స్వాతంత్ర్యం అంత వయస్సుగలది" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడు మళ్ళీ అన్నాను. మూడో ఏటికి నాన్నగారు స్వాతంత్ర్యదినాననే దానిని కొన్నట్టు కథ పెరిగింది. నాన్నగారు ఒకసారి విని, ఏదో అనబోయి, నవ్వి ఊరుకున్నారు. ఆయన పోయాక ఆ కథే మా ఇంటి చరిత్ర అయింది. ఇతరుల గ్రంథాలలో ప్రక్షిప్తాలు పట్టుకోవడం నేర్చిన నేను, సొంత ఇంట్లో ఒకటి చేర్చి, మూడు దశాబ్దాలకు పైగా పాఠం చెప్పాను. ఆ యువకుడు రాసిమ్మన్నది ఈ మాటనే. దాని ఖరీదు అతని లెక్కలో కొన్ని వేలు.

ఇక "ఒరిజినల్ కాదు" అన్న భాగాల సంగతి.

1964 పద్దులో "ఫోర్కు, కప్పుల సెట్టు, మజూరీ" అని ఉన్నది. ఫోర్కు వంగితే ఫోర్కు మార్చాలిగాని, బాగున్న కప్పులెందుకు మార్చారు? మెకానిక్కు అంటగట్టాడేమో అనుకున్నాను. ఊళ్ళో సైకిలు షాపు అబ్బాయిచేత ఫోర్కు విప్పించి, అంగుళపు బద్ద పెట్టి మరలు లెక్కపెట్టాను. 24. వేరే కంపెనీ ఫోర్కు. రాలీ వారి 26 మరల కప్పులు దానికి పట్టవు. అందుకే సెట్టంతా మారింది. అర్థంకాని పాఠాన్ని తప్పు అని కొట్టివేయరాదని గురువుగారు చెప్పినది అరవై దాటాక సైకిలు షాపులో రుజువైంది.

అంతకంటె నన్ను కదిలించినది మరొకటి. 1971లో ఒక పద్దు: "గేరు తీగ తెగినది. దొరకలేదు." ఎదుట అంకె లేదు. 1973లో మరొకటి: "వెనుకకు 22 పళ్ళది, గొలుసుకు 2 లింకులు." ఈ రెంటికీ సంబంధం నాకు వెంటనే తట్టలేదు. ఆ హబ్బు పనిచేసే తీరు తెలుసుకున్నాక తట్టింది. మూడు గేర్లలో నడిమిది సూటిగా తిరుగుతుంది. కిందిది నాలుగోవంతు తేలిక. పైది మూడోవంతు బరువు. తీగ లాగితేనే కింది గేర్లు పడతాయి. తీగ తెగితే హబ్బు పై గేరులోనే ఉండిపోతుంది. అంటే ఆ రెండేళ్ళూ నాన్నగారు రోజూ పన్నెండు మైళ్ళు, మూడోవంతు ఎక్కువ బరువుతో తొక్కారు.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆయన వెనుక క్యారేజీమీద కూర్చుని అదే దారిలో బడికి వెళ్ళేవాణ్ణి. లాకుల వంతెన ఎక్కేటప్పుడు ఆయన సీటుమీదనుండి లేచి, నిలబడి తొక్కేవారు. చొక్కా వీపుకు అంటుకుపోయేది. నేను పెద్దవాణ్ణయి బరువెక్కాననుకున్నాను. సిగ్గుపడి వంతెన దగ్గర దిగి నడిచేవాణ్ణి. ఆయన వద్దనలేదు, కారణమూ చెప్పలేదు. బహుశా ఆయనకూ తెలియదు. తీగా, మీటా దొరకని ఆ ఊళ్ళో 1973లో ఎవరో మెకానిక్కు బుర్ర ఉపయోగించాడు. ఇటువంటి సైకిలుకు మామూలుగా 18 పళ్ళ చక్రం వస్తుంది. దాని చోట 24 పళ్ళది దొరికితే ఆ మూడోవంతు బరువు సరిగ్గా చెల్లిపోయేది. 22తో చాలావరకు చెల్లింది. చక్రం పెద్దదయింది కనుక గొలుసుకు రెండు లింకులు కలిపాడు.

ఈ 22 పళ్ళ చక్రం బేరగాడి జాబితాలో ఒక దోషం. అతని మాట నిజమే, నాటింగ్‌హాంలో ఈ సైకిలుకు అది పెట్టలేదు. కాని దానిని తీసివేసి 18 పళ్ళది బిగిస్తే, చూసేవారికి ఆనందం. ఈ సైకిలు చరిత్రలో అన్నిటికంటె తెలివైన పంక్తి మాత్రం చెరిగిపోతుంది.

ఇంతమాత్రాన మార్పులన్నీ సమానంగా ఆదరణీయాలని నేననను. అలా అంటే పరిష్కర్తకు పనిలేదు. మార్పులలో తరతమాలున్నవి. అవసరంకొద్దీ, ఆ కాలంలో దొరికిన సరుకుతో చేసినది కాలోచిత సవరణ. ఫోర్కు, పళ్ళచక్రం, 1978లో తోలుసీటు చిరిగాక వేసిన రెక్సిన్ సీటు అటువంటివి. అవసరం లేకుండా మోజుకొద్దీ చేసినది అనుచిత ప్రక్షిప్తం. దానికి ఉదాహరణ వెతకనక్కరలేదు. 1984లో నాకు ఉద్యోగం వచ్చిన సంతోషంలో, పాత సైకిలు మీద వెళితే పిల్లలు నవ్వుతారని, నేనే కుంచె పట్టుకొని దానికి ఆకుపచ్చ ఎనామిలు రెండు పూతలు పూశాను. రాలీ అక్షరాలు, బంగారు గీతలు, సైన్‌బోర్డులు రాసే ఆయన చేత నాన్నగారు వేయించుకున్న పొడి అక్షరాలు అన్నీ దానికింద సమాధి అయ్యాయి. ఇక మూడోరకం కూటసృష్టి: కొత్తదాన్ని పాతదని, 52ను 47 అని నమ్మించడానికి చేసేది. మొదటి రెండింటికీ పీఠికలో చోటున్నది. మూడోదానికి లేదు.

కొలబద్ద అన్ని సైకిళ్ళకూ ఒకటేనా? కాదు. పారిస్ శివారు లెవల్వా-పెరేలో రెనె ఎర్స్, అలెక్స్ సింజే అనే నిర్మాతల దుకాణాలుండేవి. అక్కడ ఒక్కొక్క టూరింగ్ సైకిలునూ కొనేవాడి కొలతలకు చేతితో కట్టేవారు. ఎర్స్ క్రాంకులూ బ్రేకులూ కూడా తానే తయారుచేసుకున్నాడు. అటువంటి సైకిలు ఏకకర్తృకమైన కావ్యం. దానిలో ఒక్క క్రాంకు పోయినా పద్యపాదం పోయినట్టే. బజారు సరుకుతో పూరిస్తే అతకదు. అక్కడ భాగాల సమగ్రతకు అంత వెల కట్టడం న్యాయమే. రాలీ పెద్ద సైకిలు అలాంటిది కాదు. లక్షలుగా తయారై, ఊరూరా మెకానిక్కుల చేతుల్లో నలిగి, నోటినుండి నోటికి సాగిన పాటవంటిది. పాడినవారి జాడలు లేని పాటను ఎవరూ పాడలేదని అర్థం. మొదటిదాని కొలతను తెచ్చి రెండవదానికి పెట్టడంవల్లనే మన వసారాల్లోని సైకిళ్ళన్నీ ఇవాళ "సగం ఒరిజినల్" అనిపించుకుంటున్నవి.

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు సూటిగా అడిగాడు. "పెదనాన్నా, మెరిస్తేనే కదా ఎవరైనా చూసేది. తుప్పుకు పూజ చేస్తామా?" మంచి ప్రశ్న. తుప్పుకు పూజ చేయమని నేననడం లేదు. తినివేసే తుప్పును ఆపాలి. నూనె గుడ్డతో తుడవాలి, బేరింగులు శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్చాలి. తాళపత్ర గ్రంథానికి దారం తెగితే కొత్త దారం వేస్తాం, చెక్కలు విరిగితే కొత్త చెక్కలు పెడతాం. దానిని పాఠం మార్చడమని ఎవరూ అనరు. ఫ్రేముకు చీలిక వస్తే అతుకు వేయించాలి. మనిషి ప్రాణంకంటె ప్రామాణికత ఎక్కువ కాదు. పాత అక్షరాలను గీకివేయడం మాత్రం పాఠం చెరపడమే. గీకిన రంగు మళ్ళీ రాదు. పాత అచ్చులు ఎంత సుకుమారమైనవంటే, పైన ఉన్న నా ఆకుపచ్చ రంగును కరిగించే ద్రావకమేదైనా వాటిని కూడా కరిగించివేయగలదు.

1986 ఆగస్టులో గోదావరి వరద వచ్చినప్పుడు ఈ సైకిలు మూడురోజులు నీళ్ళలో నిలిచింది. ఆ తరువాత నేను పూసిన రంగు అక్కడక్కడా పొలుసులుగా లేచింది. మొన్న సబ్బునీళ్ళతో మెత్తని గుడ్డ పెట్టి తుడుస్తుంటే, పై గొట్టం మీద ఒక పొలుసు గోటితో ఊడివచ్చింది. కింద నల్లని నేలమీద సన్నని బంగారు గీత, దాని పక్కన నాన్నగారి పొడి అక్షరాలలో మొదటిది. రెండవదానికోసం గోరు పెట్టాను. రంగుతోపాటు అక్షరం అంచు కూడా లేవబోయింది. ఆపివేశాను. అది అక్కడ ఉన్నదని తెలుసు. అంతవరకు చాలు.

ఆ యువకుడి మీద నాకు కోపం లేదు. ఈ విద్యలో అతడు నాకు గురువు. కొనేవారు మెరుపు కోరుతున్నారు, అతడు మెరుపు అమ్ముతున్నాడు. ధరను ఈసడించే స్తోమతు పింఛనుదారుడికి ఎక్కడిది? నా అభిప్రాయం ఇంతే. పాత సైకిలుకు వెల కట్టేటప్పుడు ఎన్ని భాగాలు కర్మాగారానివి అన్నది ఒక్కటే లెక్కపెట్టరాదు. దాని చరిత్ర దానిమీద ఎంతవరకు నిజాయితీగా చదవగలం అన్నది కూడా లెక్కకు రావాలి. రంగు వేసిన సైకిలు అమ్మేవాడు "రంగు వేశాను" అని చెప్పాలి. అచ్చులు కొత్తవైతే కొత్తవనాలి. తేదీ చెప్పేవాడు ఏ ఆధారంతో చెబుతున్నాడో చూపాలి. ఇవి తెలిసిన తరువాత కొనేవాడు ఎంత ఇచ్చినా అది న్యాయమైన ధరే.

గడువు తీరిన రోజు ఫోన్ చేసి అతనికి ఉన్న సంగతి చెప్పాను. 1947 అబద్ధమని, 1952 అని, రంగు గీకించనని. అతడు కాసేపు ఆగి, "ఎనిమిది వేల మాట మీద ఉన్నానండీ, కాని నాకిచ్చాక నేను గీకిస్తాను" అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాను. ఇవ్వలేనన్నాను.

తమ్ముడికి నచ్చజెప్పడం కష్టమైంది. "అన్నయ్యా, జెండా పండుగకల్లా నువ్వేగా చెప్పావు 1947 అని. ఇప్పుడు డబ్బు వచ్చేవేళకు అబద్ధమైందా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పద్దుల పుస్తకం తీసి 1956 పుట అతని ముందు పెట్టాను. నాన్నగారి దస్తూరీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. 1971 పద్దు చూపించి లాకుల వంతెన సంగతి చెప్పాను. అతనికి అప్పుడు అయిదేళ్ళు, ఏమీ గుర్తులేదు. చివరికి, నిజమైన ధర ఎనిమిది వేలు గనుక అందులో సగం నాలుగు వేలు నేను అతనికిచ్చి సైకిలు ఉంచుకునేట్టు ఒప్పందమైంది. ఆ డబ్బుతో కప్పు పని పూర్తికాదని ఇద్దరికీ తెలుసు. లెక్కపెట్టుకొని జేబులో పెట్టుకున్నాక, "బెల్లు మాత్రం నాకివ్వు" అన్నాడు. ఇచ్చాను.

ఇప్పుడు సైకిలు చక్రాలకు గాలి ఉన్నది. నేను ఒక అరఠావు కాగితం మీద ఏ భాగం ఎప్పటిదో, దేనికి ఆధారమేమిటో, ఏది నా అజ్ఞానం వల్ల చెడిందో రాసి, మడిచి, సీటు వెనుక పనిముట్ల సంచిలో పెట్టాను. నా తరువాత దీనిని ఎవరు అమ్మినా, కాగితంతో కలిపి అమ్మాలని తమ్ముడి కొడుకుకు చెప్పాను.

మీ ఇళ్ళలో కూడా ఇటువంటివి ఉండే ఉంటాయి. గీకించే ముందు ఒకసారి వెనుక హబ్బు తుడిచి చూడండి. పెద్దల పద్దుల పుస్తకాలు పాతకాగితాలవాడికి వేసే ముందు ఒకసారి తిరగేయండి. ఏమి కనిపించినదో ఇక్కడ వ్యాఖ్యగా రాస్తే సంతోషిస్తాను. నా వాదంలో దోషముంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కాగితంలో నేను చివరగా చేర్చిన పంక్తి ఇది: "బెల్లు: కర్మాగారానిదో కాదో నిర్ణయించలేదు. నాకు ఊహ తెలిసినప్పటినుండి ఉన్నది. ప్రస్తుతం తమ్ముడింట."